హైదరాబాద్ నుంచి డాలస్: విమాన దూరం, ప్రయాణ సమయం మీరే లెక్క వేసుకోవడం ఎలా

"హైదరాబాద్ నుంచి డాలస్ ఎన్ని కిలోమీటర్లు? ఎన్ని గంటలు పడుతుంది?" అని అడిగేవాళ్ళకు ఒక్క అంకె చెప్తే సరిపోదు. ఒకచోట పద్నాలుగు వేల కిలోమీటర్లని ఉంటుంది, ఇంకోచోట ఎనిమిది వేల తొమ్మిది వందలని ఉంటుంది. టికెట్ చూస్తే పొద్దున బయల్దేరి అదే రోజు సాయంత్రం దిగినట్టు కనిపిస్తుంది. తిరుగు టికెట్‌లో శనివారం ఎక్కి సోమవారం దిగుతున్నట్టు ఉంటుంది. పెద్దవాళ్ళను ఒంటరిగా పంపే ఇంట్లో ఈ గందరగోళమంతా టెన్షన్‌గా మారుతుంది.

నన్నడిగితే ఇందులో దూరం అన్నిటికన్నా తక్కువ పనికొచ్చే అంకె. మీకు నిజంగా కావలసింది ఇంట్లోంచి కాలు బయట పెట్టినప్పటి నుంచి అక్కడి ఇంటి గుమ్మం తొక్కేదాకా ఎన్ని గంటలు అన్నది. అయినా దూరం తెలిస్తే ఆ గంటలు నమ్మదగినవో కావో తేల్చుకోవచ్చు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. ఉదాహరణకు హైదరాబాద్–డాలస్ తీసుకున్నాను. ఊళ్ళు మారినా పద్ధతి ఇదే.

కావలసినవి

- రెండు విమానాశ్రయాల మూడక్షరాల కోడ్‌లు
- వాటి అక్షాంశ, రేఖాంశాలు (గూగుల్ మ్యాప్స్‌లో ఆ చోటును నొక్కి పట్టుకుంటే వస్తాయి)
- టికెట్, లేదా టికెట్ సైట్‌లో కనిపించే టైమింగ్స్
- కాగితం, పెన్ను, ఫోన్‌లో కాల్‌క్యులేటర్
- పిల్లల గ్లోబు, కాస్త దారం ఉంటే ఇంకా మంచిది

1. ముందు విమానాశ్రయం ఏదో ఖాయం చేసుకోండి

ఊరి పేరు కొట్టి వెతక్కండి, కోడ్‌తో వెతకండి. శంషాబాద్ కోడ్ హెచ్‌వైడీ. పాకిస్థాన్‌లోని సింధ్‌లో కూడా ఒక హైదరాబాద్ ఉంది, దాని విమానాశ్రయం కోడ్ హెచ్‌డీడీ. దూరం చూపే సైట్లలో పేరు మాత్రమే కొడితే అది కూడా జాబితాలోకి వస్తుంది. డాలస్‌లోనూ రెండున్నాయి. మనవాళ్ళు దిగే పెద్దది డీఎఫ్‌డబ్ల్యూ. ఊరికి దగ్గరగా ఉన్న లవ్ ఫీల్డ్ కోడ్ డీఏఎల్. అక్కడ దేశంలోపలి విమానాలే ఎక్కువ.

కాలిఫోర్నియా వెళ్ళేవాళ్ళు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. శాన్ హోసే అంటే ఎస్‌జేసీ. ఎస్‌జేఓ అని కనిపిస్తే అది మధ్య అమెరికాలోని కోస్టారికా రాజధాని. ఒక్క అక్షరం తేడాతో దేశమే మారిపోతుంది.

2. రెండింటి మధ్య నేరు దూరం కనుక్కోండి

నేరు దూరం అంటే గుండ్రటి భూమి మీద అతి దగ్గరి దారి. గోడకు వేలాడే మ్యాప్ మీద స్కేలు పెట్టి కొలిచేది ఇది కాదు. ఆ మ్యాప్‌లో ఉత్తరం వైపు పోయేకొద్దీ దేశాలు సాగిపోయి కనిపిస్తాయి. అందులో డాలస్ వెళ్ళాలంటే అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటాలేమో అనిపిస్తుంది. గ్లోబు మీద దారం బిగించి లాగితే అది హైదరాబాద్ నుంచి దాదాపు సూటిగా ఉత్తరానికి వెళ్ళి, ఉత్తర ధ్రువానికి దగ్గరగా తిరిగి, కెనడా మీదుగా డాలస్‌కు దిగుతుంది.

కొలవడానికి నాలుగు దారులున్నాయి. ఏదో ఒకటి చాలు.

*సైట్‌లో:* గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్‌లో రెండు కోడ్‌ల మధ్య అడ్డగీత పెట్టి కొడితే గీత గీసి, దూరం చూపిస్తుంది.

*గూగుల్ మ్యాప్స్‌లో:* మొదటి చోటును నొక్కి పట్టుకుని, దూరం కొలిచే ఆప్షన్ ఎంచుకుని, రెండో చోటుకు వెళ్ళండి.

*దారంతో:* రెండు ఊళ్ళ మధ్య దారం పొడవు కొలవండి. అదే దారంతో భూమధ్యరేఖ చుట్టుకొలత కొలవండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి 40,000తో గుణించండి. పది సెంటీమీటర్ల బుల్లి గ్లోబు మీద ఐదారు వందల కిలోమీటర్ల తేడా రావచ్చు. సరిచూసుకోవడానికి అది చాలు.

*కాల్‌క్యులేటర్‌తో:* హైదరాబాద్ అక్షాంశం 17.24 ఉత్తరం, రేఖాంశం 78.43 తూర్పు. డాలస్ అక్షాంశం 32.90 ఉత్తరం, రేఖాంశం 97.04 పడమర. రెండు అక్షాంశాల సైన్ విలువలను గుణిస్తే 0.161. రెండు అక్షాంశాల కొసైన్ విలువలను గుణిస్తే 0.802. దాన్ని రేఖాంశాల తేడా కొసైన్‌తో గుణిస్తే మైనస్ 0.799. ఈ రెండూ కలిపితే మైనస్ 0.638. దానికి విలోమ కొసైన్ (కాల్‌క్యులేటర్‌లో cos⁻¹ అని ఉండే మీట) నొక్కితే 129.7 డిగ్రీలు. ఒక డిగ్రీకి 111.2 కిలోమీటర్లు వేసుకుంటే సుమారు 14,400 కిలోమీటర్లు.

కాల్‌క్యులేటర్ వాడేవాళ్ళు చేసే తప్పులు రెండు. ఒకటి, అది డిగ్రీలలో కాకుండా రేడియన్లలో ఉండిపోవడం. రెండోది ఇంకా ఎక్కువగా జరుగుతుంది: ఒకటి తూర్పు, ఒకటి పడమర అయినప్పుడు రేఖాంశాలను కలపాలి, తీసివేయకూడదు. 78.43, 97.04 కలిపితే 175.47. తీసివేస్తే 18.61 వస్తుంది, ఆ లెక్కన డాలస్ దూరం 2,550 కిలోమీటర్లు తేలుతుంది. అది సరిగ్గా హైదరాబాద్ నుంచి దుబాయ్ ఉన్నంత దూరం.

డాలస్‌కు ఒక సులువు కూడా ఉంది. రేఖాంశాల మొత్తం 180కి దగ్గరగా ఉందంటే రెండు ఊళ్ళూ భూమికి చెరోపక్క ఉన్నట్టు, దారి ధ్రువం పక్కనుంచే పోతుంది. అప్పుడు 180 నుంచి రెండు అక్షాంశాలూ తీసేయండి: 180 – 17 – 33 = 130. దాన్ని 111తో గుణిస్తే 14,430. పెన్ను కూడా అక్కర్లేదు. హ్యూస్టన్, ఆస్టిన్‌లకు కూడా ఇది పనిచేస్తుంది. న్యూయార్క్‌కో లండన్‌కో వేస్తే తప్పు వస్తుంది.

యూనిట్ చూడండి. 14,400 కిలోమీటర్లంటే సుమారు 8,950 మైళ్ళు, లేదా 7,775 నాటికల్ మైళ్ళు. మూడూ ఒకే దూరం. మైలుకు 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలుకు 1.852 కిలోమీటర్లు. ఎనిమిది వేల తొమ్మిది వందల అంకెను కిలోమీటర్లనుకుని "పదకొండు గంటల్లో వెళ్ళిపోవచ్చట" అనేవాళ్ళు ఇక్కడే పొరబడుతున్నారు.

3. మీ విమానం వెళ్ళే దారికి మళ్ళీ కొలవండి

హైదరాబాద్ నుంచి డాలస్‌కు ఎక్కడా ఆగకుండా వెళ్ళే విమానం లేదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు సుమారు 15,300 కిలోమీటర్లు ఏకబిగిన ఎగిరే విమానాలున్నాయి కాబట్టి అంత దూరం అసాధ్యమేమీ కాదు, కానీ మన దారిలో ఎవరూ నడపడం లేదు. కాబట్టి ఎక్కడ మారతారో ఆ మజిలీతో కలిపి కొలవాలి:

- దుబాయ్ మీదుగా: 2,550 + 12,900 = సుమారు 15,450 కి.మీ.
- దోహా మీదుగా: 2,900 + 12,750 = సుమారు 15,650 కి.మీ.
- లండన్ మీదుగా: 7,750 + 7,630 = సుమారు 15,380 కి.మీ.

మూడింటి మధ్య తేడా మూడొందల కిలోమీటర్లు కూడా లేదు, అంటే విమానానికి ఇరవై నిమిషాలు. "దుబాయ్ దగ్గర దారి, లండన్ చుట్టు దారి" అన్న మాటలో పసలేదు. దారి ఎంచుకోవడానికి దూరం కారణం కానే కాదు. మధ్యలో ఎన్ని గంటలు కూర్చోవాలి, లగేజీ ఎక్కడ తీసుకోవాలి, ట్రాన్సిట్ వీసా కావాలా అన్నవి చూడండి.

ఇవన్నీ కాగితం మీది దూరాలు. నిజంగా ఎగిరేది ఇంకొన్ని వందల కిలోమీటర్లు ఎక్కువే ఉంటుంది. తుఫాన్లు తప్పించుకోవాలి, గాలివాటం చూసుకోవాలి, మూసేసిన గగనతలం చుట్టూ తిరగాలి. 2022 నుంచి అమెరికా, యూరప్ విమానసంస్థలు రష్యా మీదుగా ఎగరడం లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసేశాక ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే ఎయిర్ ఇండియా ప్రయాణాలు పొడవయ్యాయి. ఈ కారణంగా పాత టైమింగ్స్ నమ్మకండి. రెండేళ్ళ కిందట అన్నయ్య వెళ్ళినప్పుడు పట్టిన సమయం ఇప్పుడు మీకు పట్టకపోవచ్చు.

4. గాలిలో ఎన్ని గంటలో అంచనా వేయండి

అమెరికా వైపు, అంటే పడమటికి వెళ్ళేటప్పుడు కిలోమీటర్లను 850తో భాగించండి. తిరిగి వచ్చేటప్పుడు 900తో భాగించండి. ప్రతి విమానానికి అరగంట కలపండి.

దుబాయ్–డాలస్: 12,900 ÷ 850 = 15 గంటల 10 నిమిషాలు, అరగంట కలిపితే 15 గంటల 40 నిమిషాలు. డాలస్–దుబాయ్: 14 గంటల 20 నిమిషాలు, అరగంట కలిపితే 14 గంటల 50 నిమిషాలు.

పోవడానికి ఎక్కువ, రావడానికి తక్కువ ఎందుకంటే విమానాలు ఎగిరే ఎత్తులో గాలి పడమర నుంచి తూర్పుకు బలంగా వీస్తుంది. చలికాలంలో ఇంకా బలంగా ఉంటుంది. భూమి తిరగడం వల్ల ఊరు ఎదురొస్తుంది అనేది వట్టి మాట. గాలి కూడా భూమితోపాటే తిరుగుతుంది.

టికెట్ మీది సమయం మీ అంచనాకు అరగంట అటూ ఇటూ ఉంటే లెక్క సరిపోయినట్టే. టికెట్‌లో లెక్కించేది గేటు వదిలినప్పటి నుంచి ఇంకో గేటు చేరేదాకా. రన్‌వే దాకా పాకడం, క్యూలో నిలబడటం అందులోవే. చిన్న ప్రయాణాల్లో ఈ వాటా ఎక్కువ. హైదరాబాద్–దుబాయ్‌కి మన లెక్క మూడున్నర గంటలు చెప్తే టికెట్ నాలుగు గంటల దాకా చూపించవచ్చు. రెండు గంటల తేడా వస్తే మాత్రం ఆగి చూడండి. మధ్యలో ఎక్కడో దింపి ఎక్కిస్తున్నారేమో. "డైరెక్ట్" అని రాసినంత మాత్రాన ఎక్కడా ఆగదని అర్థం కాదు, ఒకే నంబరుతో మధ్యలో ఆగి వెళ్ళే విమానాన్నీ అలాగే పిలుస్తారు. మీకు కావలసిన మాట "నాన్‌స్టాప్".

5. గడియారం లెక్క

అసలు చిక్కు ఇక్కడే. టికెట్ మీద ప్రతి టైమూ ఆ ఊరి గడియారం ప్రకారం ఉంటుంది. ఆ రెండిటినీ నేరుగా తీసివేయకూడదు.

పద్ధతి ఒక్కటే: అన్ని టైములనూ మన టైమ్‌లోకి మార్చి రాసుకోండి. ఆ తర్వాతే తీసివేయండి.

దుబాయ్ టైమ్‌కు గంటన్నర కలిపితే మన టైమ్. దోహాకు రెండున్నర గంటలు కలపాలి. డాలస్‌కు వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు.

ఒక నమూనా చూద్దాం. ఇవి నేను లెక్క కోసం పెట్టిన టైములు, మీ టికెట్‌లోవి వేసుకోండి. జులైలో ఒక శుక్రవారం:

- హైదరాబాద్‌లో బయల్దేరేది తెల్లవారుజాము 4:20
- దుబాయ్ చేరేది అక్కడి 6:50, మన టైమ్ 8:20. ప్రయాణం 4 గంటలు
- దుబాయ్‌లో బయల్దేరేది అక్కడి 9:50, మన టైమ్ 11:20. ఆగింది 3 గంటలు
- డాలస్ చేరేది అక్కడి సాయంత్రం 5:00, మన టైమ్ శనివారం తెల్లవారుజాము 3:30. ప్రయాణం 16 గంటల 10 నిమిషాలు

మొత్తం 23 గంటల 10 నిమిషాలు. టికెట్ పైపైన చూస్తే 4:20 నుంచి 5:00 దాకా, అంటే పన్నెండున్నర గంటల పైచిలుకే కదా అనిపిస్తుంది. మిగతా పదిన్నర గంటలు డాలస్ గడియారం వెనకబడి ఉండటం వల్ల కనిపించకుండా పోయాయి.

తిరుగు ప్రయాణం: డాలస్‌లో శనివారం రాత్రి 8:00 అంటే మన టైమ్ ఆదివారం పొద్దున 6:30. దుబాయ్ చేరేది అక్కడి ఆదివారం రాత్రి 7:40, మనకు 9:10. అక్కడ రాత్రి 10:00కి, అంటే మనకు 11:30కి ఎక్కితే హైదరాబాద్ చేరేది సోమవారం తెల్లవారుజాము 2:50. ఆదివారం 6:30 నుంచి సోమవారం 2:50 దాకా 20 గంటల 20 నిమిషాలు. టికెట్‌లో చేరే టైమ్ పక్కన ప్లస్ 2 అని చిన్నగా ఉంటుంది. అది తారీఖు రెండు రోజులు ముందుకు జరిగిందని చెప్పడానికే. రెండు రోజుల ప్రయాణం అనుకుని అమ్మావాళ్ళు కంగారు పడతారు, ముందే చెప్పండి.

టైమ్ మార్పు ఎప్పుడు? అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కు జరుపుతారు. యూరప్‌లో మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం. మనకూ, దుబాయ్, దోహాలకూ ఈ గొడవ లేదు. మార్చిలో ఆ మధ్య వారాల్లో, అక్టోబరు చివర ఆ ఒక్క వారంలో లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్ళేవాళ్ళు టైములు ఇంకోసారి చూసుకోవాలి. టికెట్ ఆగస్టులో కొని నవంబరులో వెళ్తున్నారా? ఎయిర్‌లైన్ పంపే మార్పు మెయిల్ తెరవకుండా వదిలేయకండి.

అర్ధరాత్రి తప్పు. దూరం లెక్కలో తప్పితే నష్టం లేదు. ఇక్కడ తప్పితే విమానమే పోతుంది. మనకు తెల్లవారితేనే కొత్త రోజు, పంచాంగం కూడా సూర్యోదయం నుంచే రోజు లెక్కిస్తుంది. విమానాలకు మాత్రం రాత్రి 12 దాటితే తారీఖు మారినట్టే. పై టికెట్‌లో శుక్రవారం 4:20 అంటే గురువారం రాత్రి భోంచేసి ఎయిర్‌పోర్టుకు బయల్దేరాలి. శుక్రవారం రాత్రి వెళ్తే విమానం అప్పటికే డాలస్ దరిదాపుల్లో ఉంటుంది.

6. మధ్యలో ఆగే సమయం

ఒకే టికెట్ మీద దుబాయ్‌లోనో దోహాలోనో మారితే రెండు గంటలు సరిపోతాయి. వీల్‌చెయిర్ పెట్టిన పెద్దవాళ్ళకు మూడు నుంచి నాలుగు గంటలు ఉండేలా చూడండి. న్యూయార్క్‌లోనో షికాగోలోనో దిగి డాలస్ విమానం ఎక్కేలా ఉంటే ఇమిగ్రేషన్ అక్కడే, లగేజీ తీసుకుని మళ్ళీ వేయాల్సిందీ అక్కడే. మూడు గంటలకు తక్కువైతే నేనైతే ఆ టికెట్ కొనను. వెనక్కి వచ్చేటప్పుడు ఢిల్లీ, ముంబైలలో దిగి విజయవాడ, విశాఖ విమానం ఎక్కేవాళ్ళకూ ఇదే మాట.

రెండు వేర్వేరు టికెట్లు కలిపి కొంటే మొదటి విమానం ఆలస్యమైతే రెండోవాళ్ళకు బాధ్యత లేదు. చవకగా వచ్చిందని పెద్దవాళ్ళకు అలా కొనకండి.

7. ఇంటి నుంచి ఇంటికి

విజయవాడ నుంచి వెళ్ళే వాళ్ళ లెక్క చూడండి. శంషాబాద్‌కు కారులో ఐదున్నర గంటలు. చెకిన్ కోసం విమానం టైమ్‌కు మూడున్నర గంటల ముందు. విమానాలు 23 గంటల 10 నిమిషాలు. డాలస్‌లో ఇమిగ్రేషన్, లగేజీ గంటన్నర. అక్కడి నుంచి ఇంటికి ముప్పావుగంట. మొత్తం దాదాపు ముప్పై నాలుగున్నర గంటలు.

షుగర్, బీపీ మందులు వాడేవాళ్ళకు ఈ అంకె చాలా ముఖ్యం. గోడ గడియారం చూసి మాత్ర వేసుకుంటే డాలస్ వెళ్ళేటప్పుడు రెండు మోతాదుల మధ్య ఎడం పదిన్నర గంటలు పెరుగుతుంది. మన టైమ్ ప్రకారం ఏ గంటకు ఏ మందో కాగితం మీద రాసి, ఇన్సులిన్ వాడేవాళ్ళయితే డాక్టర్‌కు చూపించి ఖాయం చేసుకోండి. మందులు చేతి సంచిలోనే ఉండాలి.

8. లెక్క సరిచూసుకోండి

- ముక్కలన్నీ కలిపితే టికెట్ మీది మొత్తం వ్యవధి రావాలి. సరిగ్గా గంట తేడా వస్తే వేసవి టైమ్ బదులు చలికాలపు టైమ్ వేశారు. ఒక్కో విమానం వ్యవధిలో గంటన్నర తేడా వస్తే దుబాయ్ టైమ్‌ను మార్చడం మరిచారు.
- విమానాలు ఎక్కడున్నాయో చూపే ఫ్లైట్‌రాడార్24 సైట్‌లో మీ విమానం నంబరు కొట్టండి. గత కొద్ది రోజుల్లో అది నిజంగా ఎప్పుడు ఎగిరింది, ఎప్పుడు దిగింది కనిపిస్తుంది. రోజూ గంట ఆలస్యంగా వస్తుంటే, మీకు మధ్యలో ఉన్నది గంటన్నరే అయితే, వేరే టికెట్ చూసుకోండి.
- అదే చోట మ్యాప్ మీద దారి కూడా చూడండి. దుబాయ్–డాలస్ అతి దగ్గరి దారి ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ దాపుల నుంచి పోతుంది. అక్కడ విమానం కనిపిస్తే దారి తప్పిందేమోనని భయపడక్కర్లేదు.

ఇక తీసుకెళ్ళడానికి వచ్చేవాళ్ళకు వాట్సాప్‌లో టికెట్ ఫొటో పంపి ఊరుకోకండి. విమానం నంబరు, దిగే ఊరి టైమ్, రోజు మాటల్లో రాయండి: "అమ్మ ఆదివారం రాత్రి, తెల్లవారితే సోమవారం, 2:50కి శంషాబాద్‌లో దిగుతుంది. ఆదివారం రాత్రి పన్నెండుకల్లా ఇంట్లో బయల్దేరండి." "సోమవారం 2:50" అని మాత్రమే రాస్తే సోమవారం మధ్యాహ్నం రెండున్నరకు వచ్చేవాళ్ళు కూడా ఉంటారు.